గురువారం రాత్రి ఎవరు వింటున్నారు? చెన్నైలో ఒక ఆన్‌లైన్ జర్నల్ క్లబ్ కేస్ స్టడీ

చెన్నై ఆస్పత్రుల్లో, కాలేజీల్లో, ల్యాబుల్లో పనిచేసే తెలుగువాళ్ల కోసం మేం ప్రతి గురువారం రాత్రి 8 గంటలకు ఆన్‌లైన్‌లో జర్నల్ క్లబ్ నడుపుతున్నాం. ఒక వైద్య పరిశోధన పత్రం తీసుకుని గంటసేపు దాన్ని విప్పి చూస్తాం. ఏ ప్రశ్న అడిగారు, ఎవరి మీద చేశారు, ఎలా లెక్కగట్టారు, ఆ లెక్కను ఎంతవరకు నమ్మొచ్చు అన్నవే మా చర్చ. పేపర్ ఇంగ్లిష్‌లో ఉంటుంది, మాట మాత్రం తెలుగులో. 2020 లాక్‌డౌన్‌లో క్లాసులు ఆగిపోయినప్పుడు నలుగురు పీజీ విద్యార్థులు థీసిస్ సందేహాలతో ఫోన్లు చేస్తుంటే, అందరికీ ఒకేసారి చెబుదామని మొదలుపెట్టాం. నేను కమ్యూనిటీ మెడిసిన్ చదివి, పరిశోధన పద్ధతులు బోధిస్తున్నాను. క్లబ్ పనిలో నాతో పాటు మరో ఇద్దరు ఉన్నారు.

ఖర్చులకు కొంత సాయం చేసే దాత ఒకరు ఒక ఏడాది చివర్లో అడిగారు: "దీన్ని ఎవరు వాడుకుంటున్నారు?" అడగవలసిన ప్రశ్నే. రిజిస్ట్రేషన్ షీటు తెరిచాం. 200కు పైగా పేర్లు, అందులో సగానికి పైగా పీజీలు. "ఎక్కువగా పీజీ విద్యార్థులు" అని ఒక వాక్యం రాసి అదే సాయంత్రం పంపేశాం. ఆ జవాబు తప్పని నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. సరైన జవాబు కోసం తర్వాత ఆరు నెలలు ఏం చేశామో, ఏం దొరికిందో ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి క్లబ్ నడిపేవాళ్లకు మా తప్పులు కూడా పనికొస్తాయని నా నమ్మకం.

జాబితా ఏం చెప్పింది, లాగ్ ఏం చెప్పింది

రిజిస్ట్రేషన్ షీటు అంటే ఎప్పుడో ఒకప్పుడు రావాలనుకున్నవాళ్ల జాబితా, అంతే. 2020లో పీజీ మొదటి ఏడాదిలో ఉన్న అబ్బాయి ఇప్పుడు ఒంగోలులో ప్రాక్టీసు పెట్టుకున్నాడు, షీటులో ఇంకా పీజీయే. ఒకే అమ్మాయి పేరు మూడు ఇంగ్లిష్ స్పెల్లింగులతో మూడు వరసల్లో ఉంది. అంతకన్నా పెద్ద లోపం ఫారంలోనే ఉంది. 'మీ వృత్తి' దగ్గర మేం ఇచ్చిన ఎంపికలు నాలుగు: యూజీ, పీజీ, ఫ్యాకల్టీ, ఇతరులు. స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మ్‌డీ (ఫార్మసీలో డాక్టరేట్ కోర్సు) చదివినవాళ్లు, క్లినికల్ ట్రయల్స్‌లో కోఆర్డినేటర్లుగా పనిచేసేవాళ్లు, అందరూ 'ఇతరులు' కిందికే పోయారు. ఆ ఫారం రాసింది నేనే. అప్పట్లో నా మనసులో ఉన్న విద్యార్థి పీజీ ఒక్కరే.

తర్వాత హాజరు చూశాం. ఎవరు ఎప్పుడు చేరారు, ఎప్పుడు వెళ్లారు అని జూమ్ రిపోర్టు ఇస్తుంది. చూడ్డానికి అది కచ్చితమైన లెక్కలాగే ఉంటుంది. కానీ నెట్ తెగి మళ్లీ చేరిన మనిషి మూడు వరసల్లో కనిపిస్తాడు. 'రెడ్‌మీ', 'గెలాక్సీ' అని ఫోన్ పేరుతో వచ్చినవాళ్లు ఎవరో తెలియదు. 24 గురువారాల లాగ్‌లను, అంటే ఆ హాజరు రిపోర్టులను, చేత్తో సరిచేశాం. చేరినవాళ్లు, కనీసం 30 నిమిషాలు ఉన్నవాళ్లు, నోరు తెరిచి మాట్లాడినవాళ్లు అని మూడు లెక్కలు విడిగా పెట్టుకున్నాం. మూడింటినీ కలిపి ఒక్క అంకె చేస్తే అది ఎవరి గురించీ ఏమీ చెప్పదు.

మామూలు గురువారం లైవ్‌లో 20 మంది దాటేవారు కాదు. మాట్లాడేది ఎప్పుడూ ఆ ఆరేడుగురే. ఆన్‌లైన్ సమూహాల్లో 100 మందిలో 90 మంది చూస్తూ ఊరుకుంటారని, 9 మంది అప్పుడప్పుడు పాల్గొంటారని, ఎక్కువ భాగం మాట్లాడేది ఒక్కరేనని వెబ్ వాడకం మీద పరిశోధన చేసే జేకబ్ నీల్సన్ 2006లో రాశారు. అది స్థూలమైన అంచనాయే, అయినా చదవగానే మా గురువారాలు గుర్తొచ్చాయి. అన్నాళ్లూ ఆ ఆరేడు గొంతులే మా క్లబ్ అనుకుంటూ వచ్చాను. వాళ్లకు ఏది నచ్చితే ఆ పేపరే ఎంచుకునేవాళ్లం.

పీజీల రాకపోకల్లో ఒక లయ కనిపించింది. థీసిస్ ప్రోటోకాల్ (పరిశోధన ప్రణాళిక) ఇచ్చే రోజుల్లో గుంపుగా వస్తారు. చెన్నై అయపాక్కంలో ఉన్న ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) జాతీయ ఎపిడమియాలజీ సంస్థ నడిపే బయోమెడికల్ రీసెర్చ్ ప్రాథమిక కోర్సు పీజీలకు తప్పనిసరి కాబట్టి, ఆ పరీక్షకు ముందు మళ్లీ వస్తారు. తర్వాత కనిపించరు. మొదట వీళ్లను 'మానేసినవాళ్లు' అని రాశాం. ఆలోచిస్తే ఆ మాట న్యాయంగా అనిపించలేదు. శాంపిల్ సైజు, అంటే ఎంతమంది మీద అధ్యయనం చేయాలన్నది, ఎలా లెక్కగట్టాలో తెలుసుకోవడానికి వచ్చి, తెలుసుకుని, వెళ్లి థీసిస్ రాసుకున్న మనిషికి మేం చేయవలసినది చేసినట్టే. ఆ వరసను 'పని చూసుకుని వెళ్లినవాళ్లు' అని మార్చాం.

నాలుగో లెక్క రికార్డింగులది. లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా యూట్యూబ్‌లో పెడతాం. ఎవరు చూశారో యూట్యూబ్ చెప్పదు. ఏ నిమిషం దగ్గర ఎంతమంది ఉన్నారో మాత్రం గీత గీసి చూపిస్తుంది. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ చెప్పిన సెషన్‌లో ఆ గీత ఒకచోట కొండలా లేచింది. అక్కడ నేను మల్లెపూల మూర ఉదాహరణ చెప్పాను. మూర ఒక్కొక్కరి చేతికి ఒక్కో పొడవు. మైలాపూర్‌లో ఒక పూలమ్మ దగ్గర కొన్న మూరను కొలిచి చెన్నైలో మూర అంటే ఇంత అని చెప్పలేం. చాలామంది దగ్గర కొని కొలిస్తే, సగటు ఇంత నుంచి ఇంత లోపల ఉండొచ్చని చెప్పగలం. ఆ ఎడమే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్. కొన్న మూరలు పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది. లైవ్‌లో దాని గురించి ఒక్కరు కూడా ప్రశ్న అడగలేదు. రికార్డింగులో ఆ రెండు నిమిషాలను ఎవరో వెనక్కి తిప్పి తిప్పి విన్నారు. ఆ ఎవరో ఎవరు? అసలు మూల్యాంకనం మొదలైంది ఈ ప్రశ్నతోనే.

ఫోన్ చేసి అడిగితే

అంతకుముందు ఒక గూగుల్ ఫారం పంపి ఉన్నాం. దాదాపు అందరూ "చాలా బాగుంది" అన్నారు. ఇలాంటి జవాబులో ఏముందో ఒక ఊహా లెక్కతో చూపిస్తాను. 200 మందికి ఫారం పంపితే 40 మంది నింపారనుకుందాం. వాళ్లలో 36 మంది బాగుందంటే 90 శాతం సంతృప్తి అని రిపోర్టులో పెద్ద అక్షరాలతో రాసుకోవచ్చు. నింపని 160 మంది మాటేమిటి? బాగా లేదనుకున్నవాళ్లు ఫారం దాకా రారు. పేపర్లలో ఈ బయాస్‌ను (లెక్క ఒకవైపు మొగ్గడాన్ని) పట్టుకోవడం ఎలాగో వారం వారం చెప్పే మేమే సొంత క్లబ్ దగ్గర దాన్ని మర్చిపోయాం.

అందుకే షీటులో ఉండి ఆరు నెలల లాగ్‌లో కనిపించని 40 మందిదాకా ఒక్కొక్కరికీ ఫోన్ చేశాం. చేసేముందు, పరిశోధనలో పాల్గొనేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీకి రాశాం. బోధన పద్ధతుల పోలిక, సంస్థలోని నాణ్యత ఆడిట్ లాంటి వాటిని పూర్తి సమీక్ష నుంచి మినహాయించే వీలు ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో ఉంది. అయినా మినహాయింపు మనకు మనం ఇచ్చుకునేది కాదు, కమిటీ ఇవ్వాలి. పేర్లు, డిపార్ట్‌మెంట్లు కలిపి ఎక్కడా ఉంచొద్దని వాళ్లు చెప్పిన సలహా ఎంత అవసరమైనదో రెండో రోజే తెలిసింది. ఫోన్ పేరుతో చేరడానికి కారణం ఒక పీజీ చెప్పింది. "మా హెచ్‌ఓడీ సర్ కూడా అందులో ఉంటారు మేడమ్. పేరు కనిపిస్తే ప్రశ్న నన్నే అడుగుతారని టెన్షన్."

నర్సులతో మాట్లాడిన గంటలే ఈ పనిలో నాకు దొరికిన అసలు విలువ. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ ఐసీయూలో చేస్తున్న సిస్టర్ ఒకరు సూటిగా అడిగారు.

"మేడమ్, మీ క్లాసు ఎనిమిదింటికి. మా నైట్ డ్యూటీ హ్యాండోవర్ కూడా ఆ టైమ్‌కే. నేనెప్పుడు వినాలి?"

"మరి రికార్డింగు వింటున్నారా?"

"అదేగా వినేది. హాస్టల్లో మేం నలుగురం. ఒకరి ఫోన్లో పెట్టుకుని అన్నం తింటూ వింటాం. అర్థం కాకపోతే వెనక్కి తిప్పుతాం. మీరు పూలు కొలిచారు చూడండి, అది మూడుసార్లు విన్నాం."

గీతలో లేచిన ఆ కొండలో కొంత భాగమైనా వీళ్లదే. మా లెక్కలో ఈ నలుగురూ కలిసి ఒక్క వ్యూ. హాజరులో సున్నా.

గూడూరు వైపు ఊళ్ల నుంచి, సూళ్లూరుపేట నుంచి రోజూ లోకల్ రైల్లో చెన్నైకి వచ్చి పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా వచ్చే ల్యాబ్ టెక్నీషియన్ ఒకతను రైల్లో చెవిలో పెట్టుకుని వింటానన్నాడు. అతని కష్టం నాకు ఎన్నడూ తట్టలేదు. "మీరు 'ఇదిగో ఈ అంకె చూడండి' అంటారు. నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఉంటాను. నాకు అంకె ఎక్కడ కనిపిస్తుంది మేడమ్?" పాత రికార్డింగు ఒకటి కళ్లు మూసుకుని విన్నాను. 'ఇక్కడ', 'ఇది', 'ఈ టేబుల్లో' తప్ప చాలాచోట్ల అంకె నోటితో చెప్పనే లేదు.

ఇంకొకటి చెన్నైకే ప్రత్యేకమైనది. మా ప్రకటన వాట్సాప్‌లో తెలుగు లిపిలో వెళ్తుంది. పెరంబూరులో పుట్టి పెరిగిన ఫార్మ్‌డీ అమ్మాయి అంది: "ఇంట్లో తెలుగే మాట్లాడతాం మేడమ్. చదవడం రాదు. మీ మెసేజ్ వస్తే మా అమ్మమ్మతో చదివించుకుంటాను." తరాలుగా ఇక్కడున్న తెలుగు కుటుంబాల పిల్లల్లో ఇది మామూలే. ఇంగ్లిష్, తమిళ మీడియం బడులకు పంపడం ఎప్పటినుంచో ఉంది. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక ఒకటో తరగతి నుంచి మొదలై ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. అలా చదివిన మొదటి బ్యాచ్ 2015-16లో పదో తరగతిలో ఉంది. ఆ పిల్లలే ఇప్పుడు నర్సులు, ఫార్మసిస్టులు, టెక్నీషియన్లు. తెలుగు చెవికి దగ్గర, కంటికి దూరం. మాట తెలుగులో ఉంటే అందరికీ అందుతుందని నేను అనుకున్నాను. రాతలో పిలిచి, మాటలో పాఠం చెబితే కొందరు గుమ్మం దగ్గరే ఆగిపోతారని తెలుసుకోలేదు. ఆ అమ్మమ్మగారికి మాత్రం నేను రుణపడి ఉన్నాను.

ప్రైవేటు కాలేజీ పీజీలు చెప్పిన కారణం పేపర్ దొరకకపోవడం. "చదివి రండి అంటారు. మా కాలేజీలో ఆ జర్నల్ లేదు. చదవకుండా వచ్చి మౌనంగా కూర్చోవడం ఇష్టం లేక మానేశాను" అన్నారు ఒకరు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000, అందులో ఉన్నాయి. అది మంచి పనే, కానీ ప్రభుత్వ ఆధ్వర్యంలోని సంస్థలకే వర్తిస్తుంది. మా వాళ్లలో చాలామంది ప్రైవేటు కాలేజీల్లో, ప్రైవేటు ఆస్పత్రుల్లో ఉన్నారు. 1875లో మాంట్రియల్‌లో విలియం ఆస్లర్ అనే వైద్యుడు జర్నల్ క్లబ్ పెట్టింది ఖరీదైన పత్రికలను ఒక్కరు కొనలేక కలిసి కొనుక్కుని చదవడానికే. ఆ మాట ప్రతి కొత్త బ్యాచ్‌కూ చెబుతూనే, పేపర్ అందరికీ దొరుకుతుందో లేదో చూడకుండా ఎంచుకుంటూ వచ్చాం.

చదివారా అని అడగడం

ఇంకో సంగతి కూడా బయటపడింది. రెగ్యులర్‌గా వచ్చేవాళ్లను "పేపర్ చదివి వస్తారా?" అని అడిగితే అందరూ చదువుతామన్నారు. సెషన్‌లో మెథడ్స్ భాగం గురించి అడిగితే మౌనం.

దీనికి దారి మాకు ఒక పాత చెన్నై పేపర్లోనే దొరికింది. 1956లో మద్రాసు చేట్‌పట్‌లో క్షయ కీమోథెరపీ కేంద్రం పెట్టారు. ఇప్పుడది ఐసీఎంఆర్ జాతీయ క్షయ పరిశోధన సంస్థ. శానటోరియంలో (క్షయ రోగులను ఉంచే ఆస్పత్రిలో) మంచి తిండి, విశ్రాంతి మధ్య మందులు తీసుకున్నవాళ్లతో, ఇరుకు ఇళ్లలో ఉంటూ అవే మందులు తీసుకున్నవాళ్లను పోల్చి 1959లో ఫలితం ప్రచురించారు. ఇంటి వైద్యం దాదాపు అంత బాగానూ పనిచేసింది. ఇంట్లో మిగతావాళ్లకు ముప్పు అదనంగా పెరగలేదని తర్వాతి పేపర్లో తేలింది. ప్రపంచమంతా క్షయ వైద్యం శానటోరియం నుంచి ఇంటికి మారడంలో ఆ పేపర్ పాత్ర చాలా పెద్దది. మా క్లబ్‌లో దాన్ని రెండు గురువారాలు చదివాం. అక్కడి పరిశోధకులు మాత్రలు వేసుకుంటున్నామని రోగి చెప్పిన మాట దగ్గరే ఆగలేదు. ముందు చెప్పకుండా ఇంటికి వెళ్లి మూత్రం తీసుకుని పరీక్షించేవాళ్లు. రోగి మీద అనుమానంతో చేసిన పని కాదది. డాక్టర్‌ను నొప్పించడం ఇష్టం లేక మనిషి అవునంటాడని వాళ్లకు తెలుసు.

మేమూ 'చదివారా' అని అడగడం మానేశాం. దాని బదులు సెషన్ మొదట్లో పేరు అక్కర్లేని ఒకే ఒక్క ప్రశ్న పెడుతున్నాం. 'ఈ అధ్యయనంలో మధ్యలో తప్పుకున్నవాళ్లను లెక్కలో ఎలా చూపించారు?' లాంటిది. జవాబు పేపర్లోనే ఉంటుంది, చదివితే నిమిషంలో చెప్పొచ్చు. ఆడియో వినేవాళ్లకూ అదే ప్రశ్న, జవాబు వాయిస్‌లో పంపొచ్చు. అదే 1959లో డొనాల్డ్ కర్క్‌ప్యాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ శిక్షణను నాలుగు మెట్లలో కొలవమని రాశారు. నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, దానివల్ల ఫలితం ఏమైనా కలిగిందా అన్నవి ఆ మెట్లు. మా గూగుల్ ఫారం మొదటి మెట్టు. ఈ ఒక్క ప్రశ్నతో రెండో మెట్టు మీద కాలు పెట్టాం, అంతకన్నా ఎక్కువ చెప్పుకోను.

మార్చినవి, కుదరనివి

ఫారంలో 'ఇతరులు' తీసేసి వృత్తులన్నీ రాశాం, డ్యూటీ షిఫ్టు అడుగుతున్నాం. ప్రకటనను తెలుగు రాతతో పాటు నిమిషం వాయిస్‌గా కూడా పంపుతున్నాం. పేపర్లు ఉచితంగా దొరికేవే ఎంచుకుంటున్నాం. 1913 నుంచి వస్తున్న ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లోనే మా పరిస్థితులకు దగ్గరగా ఉన్నవి బోలెడు దొరికాయి. ప్రతి సెషన్ నుంచి 15 నిమిషాల ఆడియో వేరుగా చేసి శుక్రవారం ఉదయం పంపుతున్నాం. అందులో ప్రతి అంకెనూ నోటితో చెబుతాం. దీనికి సెషన్‌కు పట్టేదాని కన్నా ఎక్కువ సమయం పడుతోంది. హెచ్‌ఓడీ సర్‌తో విషయం చెబితే ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. అందరూ మాట్లాడాకే తాను మాట్లాడతానన్నారు, అలాగే చేస్తున్నారు.

శనివారం మధ్యాహ్నం 3 గంటలకు ఇంకో సెషన్ పెట్టి చూశాం. అప్పుడు కొందరు డ్యూటీలో, రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్లు నిద్రలో. ఐదు వారాలకే ఆపేశాం. ఏ టైమ్ పెట్టినా షిఫ్టులో పనిచేసేవాళ్లలో సగం మందికి కుదరదు. ఆడియోయే వాళ్ల సెషన్ అని ఒప్పుకున్నాక దాన్ని శ్రద్ధగా చేయడం మొదలుపెట్టాం.

ఇవన్నీ చేశాక లైవ్ హాజరు పెరగలేదు. వాయిస్‌లో వచ్చే ప్రశ్నలు పెరిగాయి. మార్పుల వల్లే పెరిగాయని నేను చెప్పలేను. అదే సమయంలో కొత్త పీజీ బ్యాచ్ వచ్చింది, పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు. ఆడియో ఒకరి నుంచి ఒకరికి ఫార్వర్డ్ అవుతూ పోతుంది, ఎంతమంది వింటున్నారో లెక్కకు అందదు. దాతకు ఈసారి ఒక వాక్యం బదులు నాలుగు పేజీలు పంపాం. తెలిసింది ఒకవైపు, తెలియంది మరోవైపు రాసి, పాత జవాబు తప్పని మొదటి పేరాలోనే చెప్పాం.

కొన్నాళ్ల కిందట వెంటిలేటర్ రోగులకు మందుతో నోరు శుభ్రం చేయడం గురించి ఒక పేపర్ చదివాం. పీజీలు పీ వాల్యూ మీద, శాంపిల్ మీద బాగా మాట్లాడారు. మర్నాడు ఉదయం డ్యూటీ దిగగానే ఆ నెల్లూరు సిస్టర్ వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక బస్సు హారన్లు వినిపిస్తున్నాయి. "మేడమ్, వాళ్ల ఐసీయూలో ఒక్కో పేషెంటుకు ఒక్కో సిస్టర్. మా దగ్గర ముగ్గురికి నేనొక్కదాన్ని. నాలుగు గంటలకోసారి నోరు శుభ్రం చేయమంటున్నారు. ఆ ఫలితం మందువల్ల వచ్చిందా, చేసే మనిషి ఉండటంవల్ల వచ్చిందా?"

గంటసేపు లైవ్‌లో ఏ ఒక్కరమూ అడగని ప్రశ్న అది, నాతో సహా. ఆ సిస్టర్ పేరు 24 గురువారాల లాగ్‌లో ఒక్కసారి కూడా లేదు.

వచ్చే గురువారం పేపర్ ఆవిడే ఎంచుకున్నారు. ఆ రోజు కూడా నైట్ డ్యూటీయే. అడగాలనుకున్న మూడు ప్రశ్నలూ ముందే వాయిస్‌లో పంపించారు. సెషన్‌ను వాటితోనే మొదలుపెడుతున్నాం.